ఇల్లు ఖాళీ చెయ్యక ముందే అడగండి

పాఠకుల ప్రశ్నలు, అక్క జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ముందేసుకుని చదివితే తిప్పి తిప్పి ఒకటే బాధ. అద్దె కట్టలేకపోతున్నాం, కరెంటు తీసేస్తామంటున్నారు, లేకపోతే మా వీధిలో ఫలానా వాళ్ళు ఇలా ఇబ్బందిలో ఉన్నారు మేమేం చెయ్యగలం అని. అందుకని సంబంధాల ప్రశ్నలూ అత్తాకోడళ్ళ ప్రశ్నలూ వచ్చే నెలకి ఉంచి ఈసారి చోటంతా వీటికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: అక్కా, మాది విజయవాడ పాయకాపురం. మా ఆయన ఆటో నడుపుతాడు. బండి తిరగబడి కాలు విరిగింది, ఆపరేషన్ కార్డు మీదే అయిపోయింది గానీ ఇంకా కర్ర పట్టుకునే నడుస్తున్నాడు, ఆటో ఎక్కడానికి ఇంకో రెణ్ణెల్లు పడుతుందన్నారు. నేను బట్టల షాపులో చేస్తా, 9 వేలు వస్తాయి. అద్దె 5,500, రెండు నెలలు కట్టలేదు. కరెంటు రెండు బిల్లులు కలిపి 1,340. లైన్‌మన్ వచ్చి ఈ వారంలో కట్టకపోతే ఫ్యూజు పీకేస్తా అన్నాడు. ఓనర్ గారు మంచోరే గానీ నెలాఖరుకి కట్టండి లేదంటే ఖాళీ చెయ్యండి అంటున్నారు. వీధి చివర ఒకాయన రోజు వడ్డీకి 20 వేలు ఇస్తానంటున్నాడు. మేం ఎవర్నీ ఎప్పుడూ చెయ్యి చాచి అడగలేదక్కా. ఏం చెయ్యమంటారు?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ రోజు వడ్డీ ఆయనకి వద్దని చెప్పెయ్యండి, ఇవాళే చెప్పెయ్యండి. 2015 డిసెంబర్లో మన బెజవాడలో కాల్ మనీ గొడవ, అంటే ఫోన్ చెయ్యగానే అప్పిచ్చి తర్వాత అడ్డగోలు వడ్డీకి పీడించే దందా, బయటపడి రాష్ట్రమంతా మాట్లాడుకుంది, మీకు గుర్తుండే ఉంటుంది. ఆసుపత్రి ఖర్చనీ అద్దె అనీ తీసుకుని అందులో ఇరుక్కున్న కుటుంబాలు మన ఊళ్ళో ఎన్ని ఉన్నాయో మీకూ నాకూ తెలుసు. ఫోన్లో అయిదు నిమిషాల్లో డబ్బు వేసే లోన్ యాప్‌లు కూడా అంతే, వాటి జోలికీ పోవద్దు.

ఇప్పుడు లెక్క చూద్దాం. అద్దె బాకీ 11,000, కరెంటు 1,340, మొత్తం 12,340. ఆయన ఇస్తానన్న 20 వేలు మీకు అవసరమే లేదు. భయంలో ఉన్నప్పుడు లక్ష రూపాయల కష్టంలా కనపడుతుంది గానీ మీ ఇల్లు మీకు నిలబడటానికి ఇవాళ కావాల్సింది 12,340 రూపాయలు. అదే కట్టలేక ఖాళీ చేశారనుకోండి, కొత్త ఇంటికి అడ్వాన్సు, సామాను మోసే ట్రాలీ ఆటో, బ్రోకర్ ద్వారా దొరికితే ఆయన కమీషన్, పిల్లల బడి దూరమైతే వాళ్ళ ఆటో, మీ షాపుకి బస్సు చార్జీలు, పైగా ఈ పాత బాకీ ఎటూ పోదు, పాత అడ్వాన్సులో కోసుకుంటారు. అన్నీ కలిపితే రెండింతలు దాటుతుంది. నేను ఎప్పుడూ మొత్తుకునేది ఇదే. సామాను రోడ్డు మీదికొచ్చాక చేసే సాయం కంటే రాకముందు చేసే సాయం చాలా చిన్నది, చేసేవాళ్ళకీ తేలిక. అందుకే నెలాఖరు దాకా ఆగకుండా ఈ వారమే కదలండి.

కరెంటు సంగతి ముందు. గుమ్మంలో లైన్‌మన్‌తో వాదన వద్దు, ఆయన పైనించి వచ్చిన లిస్టు పట్టుకుని తిరుగుతాడు పాపం. మీ కరెంటు సెక్షన్ ఆఫీసుకెళ్ళి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గార్ని కలవండి. విద్యుత్ చట్టం 2003లో 56వ సెక్షన్ ఏం చెప్తుందంటే బాకీ ఉందని లైను తియ్యాలంటే 15 రోజులకి తక్కువ కాకుండా ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. మీకు అలాంటి కాగితం వచ్చిందా లేదా అని మెల్లగా అడగండి, ఒక బిల్లు ఇప్పుడు కడతాను రెండోది వచ్చే నెల జీతానికి కడతాను అని రాసివ్వండి. ఆఫీసులో ఎవరూ పలక్కపోతే 1912కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకోండి. మీరు ఎస్సీ గానీ ఎస్టీ గానీ అయితే నెలకి 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం ఉంది, మీకు వర్తిస్తుందేమో వార్డు సచివాలయంలో అడగండి.

తర్వాత ఓనర్ గారు. ఆయన మళ్ళీ అడిగేదాకా ఆగకుండా మీరే వెళ్ళండి, మీ ఆయన కూడా కర్రతో అయినా సరే వస్తే మంచిది. ఒక నెల అద్దె ఫలానా తారీఖుకి కడతాం, రెండో నెలది ఆయన ఆటో ఎక్కాక నెలకి వెయ్యి చొప్పున కలిపి తీరుస్తాం అని అంకె చెప్పండి. ఓనర్లకి కోపం వచ్చేది డబ్బు ఆలస్యమైనందుకంటే ఫోన్ ఎత్తనందుకు, ఇది నేను చాలా ఇళ్ళల్లో చూశా.

ఇక ఎవర్ని అడగాలి. మీరు డ్వాక్రా గ్రూపులో ఉన్నారో లేదో రాయలేదు. ఉంటే మీ ఆర్పీని, అంటే గ్రూపుల పనులు చూసే రిసోర్స్ పర్సన్‌ని కలవండి, గ్రూపు పొదుపు డబ్బులోంచి అంతర్గత అప్పు ఇచ్చుకోవచ్చు, రోజు వడ్డీతో పోలిస్తే అది చాలా తక్కువ. మీ ఆయన ఆటో స్టాండులో వాళ్ళకి చెప్పండి, మనిషికి వంద రెండొందలు వేసుకుని తోటి డ్రైవర్ ఇంటి అద్దె కట్టెయ్యడం మన స్టాండుల్లో కొత్తేం కాదు. మీ షాపు ఓనర్ని వచ్చే నెల జీతంలోంచి కొంత ముందివ్వమని అడగండి. దగ్గర్లో కేథలిక్ చర్చి ఉంటే ఫాదర్‌ని కలిసి విన్సెంట్ డి పాల్ సొసైటీ వాళ్ళున్నారా అని అడగండి, 1833లో పారిస్‌లో కాలేజీ కుర్రాళ్ళు కలిసి మొదలుపెట్టిన సంఘం అది, ఇంటికొచ్చి చూసి మాట్లాడి సాయం చెయ్యడమే వాళ్ళ పద్ధతి, ఏ మతమని చూడరు. కొన్ని మసీదు కమిటీల దగ్గర బైతుల్‌మాల్ అని పేదవాళ్ళ కోసం దాచిన డబ్బు ఉంటుంది. కుల సంఘాలవాళ్ళు చదువుకీ వైద్యానికీ ఇచ్చినంత తేలిగ్గా అద్దెకి ఇవ్వరు, అయినా అడగండి, ఇల్లు పోతే పిల్లల చదువే ముందు దెబ్బ తినేది.

అడిగేటప్పుడు "మాకు చాలా కష్టంగా ఉందండి" అని వదిలెయ్యొద్దు. "అన్నా, మా ఆయన కాలు విరిగింది, మాకు 12,340 తక్కువైంది, ఇందులో 5,500 ఈ నెలాఖరులోపు ఓనర్ గారికి కట్టాలి, ఇదిగో ఆయన ఫోన్ నంబరు, ఇదిగో కరెంటు సర్వీస్ నంబరు, మా చేతికివ్వొద్దు, నేరుగా వాళ్ళకే వెయ్యండి" అని చెప్పండి. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం జిరాక్సు ఒకటి దగ్గర పెట్టుకోండి. సర్వీస్ నంబరు ఉంటే మీ కరెంటు బిల్లు ఎవరైనా వాళ్ళ ఫోన్లోంచి కట్టెయ్యొచ్చు. ఇలా అడిగితే ఇచ్చేవాళ్ళకి అనుమానం ఉండదు, మీకూ తల దించుకునే పనుండదు.

ఈలోపు ఇంట్లో ఖర్చు కొంత తగ్గాలి కాబట్టి రేషన్ బియ్యం, దీపం పథకంలో ఏడాదికి వచ్చే మూడు గ్యాస్ సిలిండర్లు, తల్లికి వందనం డబ్బులు, మీకు రావాల్సినవన్నీ వస్తున్నాయా లేదా సచివాలయంలో ఒకసారి చూపించుకోండి, ఆధార్ బ్యాంకుకి లింకు కాకపోవడం లాంటి చిన్న కారణానికి ఆగిపోయినవి చాలా ఉంటాయి. షాపు దగ్గర్లో అన్న క్యాంటీన్ ఉంటే మధ్యాహ్నం అక్కడ 5 రూపాయలకి తినండి. కార్డులో కాకుండా బయట పెట్టిన మందుల ఖర్చు ఎక్కువైతే ఒరిజినల్ బిల్లులతో ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయనిధికి పెట్టుకోవచ్చు, టైం పడుతుంది గానీ పెట్టండి.

చెయ్యి చాచడం గురించి రాశారు. 2024 సెప్టెంబర్లో బుడమేరు మీ పాయకాపురం, సింగ్ నగర్, కండ్రిక అంతా ముంచినప్పుడు కింద ఇళ్ళవాళ్ళు మేడల మీదికెక్కి రోజుల తరబడి ఉన్నారు కదా, ఎవరి వంటింట్లో ఉన్న బియ్యం వాళ్ళు తీసి అందరికీ వండారు కదా. అప్పుడు ఎవరూ ఎవరికీ మొహం చాటెయ్యలేదు. ఇప్పుడు మీ ఒక్క ఇంట్లోకే నీళ్ళొచ్చాయి, అంతే తేడా. మేడ మీదున్న వాళ్ళని పిలవండి చెల్లెమ్మా.

ప్రశ్న: నమస్కారమండి. నేను రిటైర్డ్ టీచర్ని, గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. మా అపార్ట్‌మెంట్లో 20 ఫ్లాట్లు. మొన్న మా ఇంట్లో పనిచేసే అమ్మాయి అద్దె కట్టలేక పిల్లల్ని తీసుకుని పుట్టింటికెళ్ళిపోయింది, ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. తెలిసుంటే తలా కాస్త వేసేవాళ్ళం. వాచ్‌మన్, పనివాళ్ళు, ఇస్త్రీ బండి ఆయన, ఇలా మా మీద ఆధారపడ్డ కుటుంబాల కోసం ఒక చిన్న నిధి లాంటిది పెడదామని ఉంది. ఎలా నడపాలి? రిజిస్ట్రేషన్ కావాలా? అప్పుగా ఇవ్వాలా ఊరికే ఇవ్వాలా?

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం చదివి చాలా సంతోషపడ్డా, ఇది తప్పకుండా పెట్టండి. ఫ్లాటుకి నెలకి 200 అనుకోండి, 20 ఫ్లాట్లకి 4,000, ఏడాదికి 48,000. నెలకి 6 వేల అద్దె అనుకుంటే ఎనిమిది కుటుంబాలకి ఒక్కో నెల అద్దె అది. మీ బిల్డింగు మీద ఆధారపడ్డ వాళ్ళలో ఏడాదికి ఎనిమిది ఇళ్ళు కూలే పరిస్థితి సాధారణంగా రాదు, కాబట్టి డబ్బు సరిపోతుంది. అసలు కష్టమంతా వాడే పద్ధతిలో ఉంటుంది.

రిజిస్ట్రేషన్ గురించి చెప్తా. మీలో మీరు వేసుకుని మీ చుట్టుపక్కల వాళ్ళకి ఇచ్చుకునేంత వరకూ అక్కర్లేదు, ఇద్దరు ముగ్గురి పేర్ల మీద బ్యాంకులో జాయింట్ అకౌంట్ తీసి లెక్క అందరికీ కనపడేలా పెడితే చాలు. రేపు పెద్దదై బయటివాళ్ళ దగ్గర కూడా చందాలు తీసుకుందాం అనుకుంటే అప్పుడు 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద పెట్టుకోండి, ఏడుగురు సభ్యులుంటే సరిపోతుంది. ఒక్కటి మాత్రం వద్దు, దీన్ని చీటీగా మార్చొద్దు. ఎవరో ఒకరు అంటారు, ఈ డబ్బు ఊరికే ఉంది కదా పాట పెడదాం నాలుగు రూపాయలు పెరుగుతాయి అని. రిజిస్టర్ కాని చీటీలు 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం నేరం, అది అలా ఉంచినా ఆపద కోసం దాచింది పాటలో ఇరుక్కుంటే అవసరం వచ్చిన రోజు చేతిలో ఉండదు.

అప్పా ఊరికేనా అంటే నా అభిప్రాయం ఊరికే ఇవ్వండి, కానీ నోటితో ఒక మాట అనండి, నీకు వీలైనప్పుడు నువ్వూ ఇందులో ఎంతో కొంత వెయ్యి అని. అప్పంటే ఆ అమ్మాయి రేపు మీ ఇంటికి పనికి రావడానికే ఇబ్బంది పడుతుంది, జీతంలో కోస్తారేమోనని. వడ్డీ మాట అసలు రాకూడదు. నేను చూసినంతలో ఇలా ఊరికే తీసుకున్న వాళ్ళు తర్వాత వందో రెండొందలో తెచ్చి డబ్బాలో వేస్తారు, ఎవరూ అడక్కుండానే.

ఇంకో విషయం, నిర్ణయం తొందరగా అవ్వాలి. చాలా సంఘాలు ఇక్కడే చెడతాయి, ఆదివారం మీటింగ్ పెట్టి, ఎవరో ఊళ్ళో లేరని వాయిదా వేసి, వాట్సాప్ గ్రూపులో ఆ కుటుంబం పేరు పెట్టి తలా ఒక మాట అని, చివరికి ఒప్పుకునేసరికి వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయి ఉంటారు. ముగ్గుర్ని ఎంచుకోండి, అందులో ఒక్కరైనా ఆడవాళ్ళుండాలి, ముగ్గుర్లో ఇద్దరు సరే అంటే రెండు రోజుల్లో డబ్బు వెళ్ళిపోవాలి. మిగతా ఫ్లాట్లవాళ్ళకి నెలాఖర్లో ఇన్ని కుటుంబాలకి ఇంత అని అంకె చెప్తే చాలు, పేర్లు చెప్పనక్కర్లేదు. డబ్బు నేరుగా ఇంటి ఓనర్‌కి యూపీఐ చెయ్యండి, కరెంటు బిల్లయితే సర్వీస్ నంబర్ మీద కట్టెయ్యండి. ఓనర్‌కి ఫోన్ చేసి మేం ఫలానా అపార్ట్‌మెంట్ వాళ్ళం, ఈ నెల అద్దె మేం వేస్తున్నాం, మిగతా బాకీకి ఇంకో రెండు నెలలు టైం ఇవ్వండి అని మాట్లాడండి. పెద్దమనుషులు మధ్యలో ఉన్నారని తెలిస్తే ఓనర్ కూడా మెత్తబడతాడు, ఒక్కోసారి ఆ ఫోను మీరిచ్చిన డబ్బుకంటే ఎక్కువ పనిచేస్తుంది. కుటుంబానికి ఏడాదికి ఒక నెల అద్దె అని మామూలు హద్దు పెట్టుకోండి, ఆసుపత్రి, చావు లాంటివి వస్తే ఆ హద్దు దాటొచ్చని కూడా ముందే రాసుకోండి.

ఫోటోలు మాత్రం వద్దు మాస్టారూ, దయచేసి. వరదల్లో నేను చూశా, పాల ప్యాకెట్ ఇస్తూ ఆ పిల్లాడి మొహం కెమెరా వైపు తిప్పమన్న వాళ్ళని. ఇచ్చిన పాలు తాగేశాక కూడా ఆ ఫోటో ఆ పిల్లాడి స్నేహితుల ఫోన్లలో ఉంటుంది.

మీ పనమ్మాయి పుట్టింటికెళ్ళిపోయిందన్నారు కదా, ఇప్పటికైనా ఆమెకి ఫోన్ చెయ్యండి. ఆ ఇల్లు ఇంకా ఎవరికీ ఇవ్వకపోతే మీ నిధి మొదటి నెల డబ్బు అక్కడికే వెళ్ళొచ్చు.

ప్రశ్న: మేడమ్, గొల్లపూడిలో అద్దెకుంటున్నాం. ఓనర్ మీటర్ ఒక్కటే, మాకు సబ్ మీటర్ పెట్టి యూనిట్‌కి 10 రూపాయలు తీసుకుంటాడు. ఈ నెల అద్దె వారం లేటైందని మెయిన్ దగ్గర మా లైను ఆపేశాడు, ఇంట్లో చంటిపిల్ల ఉంది. ఇది కరెక్టేనా?

జవాబు: కరెక్టు కాదు తమ్ముడూ. అద్దె బాకీ వేరు, కరెంటు వేరు. అద్దెకోసం కరెంటూ నీళ్ళూ ఆపే హక్కు ఓనర్‌కి లేదు. కరెంటు అనేది మనిషికి కనీస అవసరం, ఓనర్ ఎన్ఓసీ (నాకు అభ్యంతరం లేదనే కాగితం) ఇవ్వలేదన్న కారణంతో అద్దెకున్న వాళ్ళకి కరెంటు కాదనకూడదు అని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ముందు తెలిసిన పెద్దమనిషిని తీసుకెళ్ళి ఈ మాట చెప్పి లైను ఇప్పించుకోండి, వినకపోతే ఉచితంగా న్యాయ సాయం చేసే న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100కి ఫోన్ చెయ్యండి. చంటిపిల్ల ఉన్న ఇల్లు కాబట్టి ఇవాళ్టికి పక్కవాళ్ళని అడిగి ఒక ఫ్యానుకి సరిపడా వైరు లాగించుకోండి, కాదనరు.

10 రూపాయల సంగతి. మన రాష్ట్రంలో 2022లో వచ్చిన స్లాబుల ప్రకారం ఇంటి కరెంటు మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, ఆ పైన 400 దాకా 8.75, 400 దాటితేనే 9.75. అంటే అన్నిటికంటే పై స్లాబు కూడా 10 లేదు. ఇంకోటి చూడండి, రెండు ఇళ్ళు ఒకే మీటర్ మీద 200 యూనిట్లు కాలిస్తే యూనిట్ల చార్జీయే 867 రూపాయలవుతుంది, అదే చెరో మీటర్ మీద చెరో వంద కాలిస్తే ఇద్దరికీ కలిపి 609. సర్దుబాటు చార్జీలూ మిగతావీ పైన ఉంటాయి, అవి ఎలాగూ తప్పవు. అందుకని విడి మీటర్‌కి అప్లై చేసుకోండి, అద్దెకున్న వాళ్ళు కూడా పెట్టుకోవచ్చు, అద్దె అగ్రిమెంట్ ఉంటే పని తేలిక. అది వచ్చేదాకా అసలు బిల్లు చూపించి యూనిట్లు పంచమని ఓనర్ని అడగండి. లేటైన అద్దె మాత్రం ముందు కట్టెయ్యండి, న్యాయం మీవైపు ఉన్నప్పుడు బాకీ ఉండకూడదు.

ప్రశ్న: మీరు ఎప్పుడూ అద్దెకుండే వాళ్ళ కష్టాలే రాస్తారు. నాకు కృష్ణలంకలో రెండు పోర్షన్ల ఇల్లు. మా వారు పోయాక ఒక పోర్షన్‌లో నేనుండి రెండోది అద్దెకిచ్చా, ఆ 6 వేలతో, పింఛనుతో బతుకుతున్నా. అద్దెకున్న అబ్బాయి ఆటోనగర్ షెడ్డులో చేసేవాడు, షెడ్డు మూసేశారట, నాలుగు నెలలుగా అద్దె లేదు. నా బీపీ మందులకే కటకటగా ఉంది. మోటార్ ఆపేస్తే వాళ్ళే వెళ్ళిపోతారని అందరూ అంటున్నారు.

జవాబు: అమ్మా, మీ మాటలో న్యాయం ఉంది. అద్దె మీదే బతికే మీలాంటి పెద్దవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు, అద్దెకున్న కుటుంబానికి సాయం చేస్తే అది మీ ఇంట్లో కూడా పొయ్యి వెలిగిస్తుంది. అందుకే ఆ అబ్బాయి కోసం అడిగే సాయం మీకోసం కూడా అనుకోండి.

మోటార్ ఆపొద్దు. ఆపితే రేపు గొడవ పోలీసుల దాకా వెళ్తే తప్పు మీ మీదికొస్తుంది, పైగా వాళ్ళింట్లో ఆడవాళ్ళూ పిల్లలూ బిందెలు పట్టుకుని మీ గుమ్మం ముందే తిరుగుతారు, మీ మనసు తట్టుకోదు. నాలుగు నెలలంటే 24 వేలు. ఆ అబ్బాయినీ భార్యనీ కూర్చోబెట్టి మాట్లాడండి, తెలిసిన పెద్దమనిషి ఎవరైనా పక్కనుంటే మంచిది. అడ్వాన్సు ఎంత ఉందో అందులో రెండు నెలలు మినహాయించుకోండి. ఇంకో నెలకి ఆ అబ్బాయి షెడ్డు వాళ్ళ యూనియన్‌లో గానీ, చర్చిలో గుడి కమిటీలో గానీ అడిగి తెచ్చి మీకు నేరుగా వేయించాలి, కావాలంటే మీరే వాళ్ళతో ఫోన్లో మాట్లాడండి, ఓనరే అడిగితే నమ్మకం ఎక్కువ. మిగిలింది పని దొరికాక నెలకి 1,500 చొప్పున. ఇదంతా ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి, ఇచ్చిన ప్రతి రూపాయికీ మీరు రసీదు రాసివ్వండి.

ఇవేవీ కుదరక ఖాళీ చేయించాల్సిందే అనుకుంటే దానికీ దారి ఉంది. నెల నెలా అద్దెకుండే వాళ్ళకి 1882 ఆస్తి బదిలీ చట్టంలో 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు ఇస్తారు, అప్పటికీ వెళ్ళకపోతే కోర్టు ద్వారానే. అంత దూరం పోకుండా న్యాయసేవాధికార సంస్థలో ఒక అర్జీ ఇస్తే ఇద్దర్నీ పిలిచి లోక్ అదాలత్‌లో రాజీ చేస్తారు, కోర్టు ఫీజు ఉండదు, అక్కడ ఒప్పుకున్న మాటకి కోర్టు తీర్పంత విలువ ఉంటుంది. ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు. మందుల సంగతి, బీపీ మాత్రలు ప్రభుత్వ పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారమ్మా, ఈ కష్టం తీరేదాకా అక్కడ తెచ్చుకోండి, మానొద్దు.

ప్రశ్న: అమ్మా, మాది గుంటూరు కొరిటెపాడు. మా అబ్బాయి అమెరికాలో డల్లాస్‌లో ఉంటాడు, ఉద్యోగం పోయింది, కోడలికి ఉద్యోగం లేదు, చిన్నబాబు ఉన్నాడు. వచ్చే నెల అద్దెకి డబ్బు లేదని ఏడ్చాడు. పొలం అమ్మి పంపిద్దామని మా ఆయన అంటున్నారు. అక్కడ సాయం చేసేవాళ్ళు ఎవరూ ఉండరా?

జవాబు: ఉంటారమ్మా. పొలం మాట ఒక్క నెల పక్కన పెట్టండి, తొందరలో అమ్మితే సగం ధర వస్తుంది.

అబ్బాయిని ముందు 211 నంబరుకి ఫోన్ చెయ్యమనండి. అద్దె, కరెంటు, తిండి, ఏ ఇబ్బందికి ఆ ఊళ్ళో ఎవరు సాయం చేస్తారో చెప్పే నంబరు అది, 1997లో అట్లాంటాలో మొదలై ఇప్పుడు దేశమంతా ఉంది. నేను పైన పాయకాపురం చెల్లెలికి చెప్పిన విన్సెంట్ డి పాల్ సొసైటీ అక్కడా ఉంది, సాల్వేషన్ ఆర్మీ అనే సేవాసంస్థ ఉంది, వీళ్ళు మనిషి చేతికి డబ్బివ్వకుండా అద్దె నేరుగా అపార్ట్‌మెంట్ ఆఫీసుకే కడతారు. కరెంటు బిల్లుకి 1981 నించీ అక్కడ ప్రభుత్వ పథకం ఒకటుంది గానీ అది ముఖ్యంగా పౌరులకీ గ్రీన్‌కార్డు వాళ్ళకీ, హెచ్1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్ళకి రాదు. చర్చిలూ సంఘాలూ ఇచ్చే సాయం ప్రభుత్వానిది కాదు కాబట్టి వీసాకి ఇబ్బంది అవుతుందని భయపడి ఆగిపోనక్కర్లేదు. తెలుగు సంఘాలున్నాయి, తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) వాళ్ళ టీమ్ స్క్వేర్ అనే విభాగం ఆపదలో ఉన్న తెలుగువాళ్ళ కోసమే పనిచేస్తుంది, అక్కడా చెప్పమనండి. ఫుడ్ ప్యాంట్రీలో సరుకులు, గురుద్వారాలో భోజనం ఉంటాయి, తిండి ఖర్చు తగ్గితే ఆ డబ్బు అద్దెకి పనికొస్తుంది.

అద్దె తారీఖు దాటకముందే ఆఫీసుకెళ్ళి చెప్పమనండి, ఉద్యోగం తీసేసిన కాగితం చూపించి సగం ఇప్పుడు సగం తర్వాత అని రాతలో అడగమనండి. టెక్సాస్‌లో కట్టలేదనగానే సామాను బయటపడెయ్యరు, ముందు ఖాళీ చెయ్యమని నోటీసు ఇవ్వాలి, మామూలుగా అది 3 రోజులు, ఆ తర్వాత జస్టిస్ కోర్టులో కేసు వెయ్యాలి. కోర్టు పిలిచిన రోజు తప్పకుండా వెళ్ళాలి, వెళ్ళకపోతే వాళ్ళు అడిగిందే తీర్పవుతుంది. హెచ్1బీ అయితే ఉద్యోగం పోయాక 60 రోజుల దాకానే టైం, ఆ తారీఖు లాయర్‌తో ఇప్పుడే మాట్లాడుకోవాలి. మీరు పంపగలిగితే ఒక నెల అద్దె మటుకు పంపండి, వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడు. అన్నిటికంటే ముందు రోజూ ఫోన్ చెయ్యండమ్మా, డబ్బు లెక్కలు అడక్కుండా, అన్నం తిన్నావా బాబెలా ఉన్నాడు అని.

ప్రశ్న: ఇలా అద్దెలు కట్టిపెడితే జనం అలవాటు పడిపోరా? ఇచ్చిన డబ్బుతో తాగేస్తే? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: డబ్బు ఓనర్ అకౌంట్లోకి వెళ్తుంది, కరెంటు ఆఫీసుకి వెళ్తుంది, తాగడానికి చేతికి రాదు. అలవాటు సంగతికొస్తే, ఇల్లు పోతుందేమోనని రాత్రిళ్ళు నిద్రలేకుండా గడపడం ఎవరికీ అలవాటవ్వదు బాబూ. తాగే మొగుడున్న ఇంట్లో భార్యకీ పిల్లలకీ ఇల్లు ఇంకా ఎక్కువ అవసరం.

ప్రశ్న: అక్కా, పాత గుంటూరులో ఉంటాం, పదిమంది ఆడవాళ్ళం మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తాం. ఎండాకాలం మిర్చి యార్డుకి సెలవులిస్తారు, అప్పుడు పని పడిపోతుంది, జూన్‌లో పిల్లల బళ్ళు తెరుస్తారు, ఏడాదేడాది ఆ రెండు నెలల అద్దె బాకీ పడి దసరా దాకా తీరుస్తూనే ఉంటాం. ఏదైనా దారి చెప్పండి.

జవాబు: మీకు కష్టం ఎప్పుడొస్తుందో ముందే తెలుసు కాబట్టి దారి ఉంది. జనవరి నించి ఏప్రిల్ దాకా సరుకు ఎక్కువొచ్చి పని బాగా ఉంటుంది కదా, ఆ నాలుగు నెలలూ పదిమందీ వారానికి 150 చొప్పున ఒక్కచోట వెయ్యండి. వారానికి 1,500, పదహారు వారాలకి 24,000 అవుతుంది. మే వచ్చాక ఎవరి అద్దె ఎక్కువ బాకీ పడిందో వాళ్ళకి ముందు, మిగతావాళ్ళకి తర్వాత. ఇంట్లో డబ్బాలో పెట్టొద్దు, పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ఇద్దరి సంతకాలతో పెట్టండి. పదిమంది ఎలాగూ ఉన్నారు కాబట్టి డ్వాక్రా గ్రూపుగానే కట్టుకుంటే ఇంకా మంచిది, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్పీని అడిగితే పుస్తకాలు రాయడం నేర్పిస్తారు, కొన్నాళ్ళకి బ్యాంకు లోను కూడా వస్తుంది.

మీ ఓనర్లతో ఏప్రిల్‌లోనే మాట్లాడండి, మే అద్దె సగమే ఇస్తాం మిగతాది జూలైలో అని. ఈ ఏడాది బాకీ ఇప్పటికే పడిపోయిన వాళ్ళు మీలో ఉంటే, ముఖ్యంగా ఒంటరి ఆడవాళ్ళు, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడికి వెళ్ళండి. ఒక్కొక్కరూ విడివిడిగా కాకుండా నలుగురూ కలిసి వెళ్ళండి, పని ఎప్పుడు ఆగింది, అద్దె ఎంత, ఎన్ని నెలలు అని అర్జీలో అంకెలు రాయించండి, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు వెనక పిన్ను కొట్టండి, రసీదు తీసుకోకుండా రావొద్దు. పొద్దున్నే వెళ్తే మధ్యాహ్నం లోపు పనైపోతుంది.